టముకు రాలేదు సార్

ఆ రోజు పొద్దున్న కళ్ళద్దాల దుకాణం ఆయన మనసులో అనుకున్న పనులు రెండే. మధ్యాహ్నం లోపల ఒక రిటైరైన ప్లీడరుగారి కళ్ళజోడు పూర్తిచేసి ఇచ్చెయ్యాలి. సాయంత్రం బడి వదిలే వేళకు వెళ్ళి కూతురికి బూట్లు కొనిపెట్టాలి. ఇంత చిన్న పనులకు ఊరంతా రోడ్డు మీదకు వస్తుందని ఎవరనుకుంటారు చెప్పండి.

కూతురికి బడిలో ఒక పేరుంది కానీ వీధిలో అందరూ టముకు అనే పిలుస్తారు. దాని చెవిన పడిన మాట నాలుగు వీధులు తిరగకుండా నిద్రపోదు. వ్యాను డ్రైవరుకు కొడుకు పుట్టిన సంగతి వాడి అత్తగారికన్నా ముందు వీధికి తెలిసిందంటే అది ఈ పిల్ల పుణ్యమే. వాళ్ళమ్మ పోలిక అది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో రేడియో అక్కర్లేకపోయింది. ఆవిడ జబ్బు చేసి పోయాక, మాటలన్నీ మూటగట్టి పట్టుకుపోయినట్టు, ఆయన మాట్లాడటం మానేశాడు. కోపం కాదు, పంతం కాదు. బావిలో చేద జారిపోతుంది చూడండి, అలా మాట లోపలికి జారిపోయింది. తింటావా అంటే తల ఊపుతాడు, వానొస్తోందంటే కిటికీ వేస్తాడు. ఆ ఇంట్లోనే ఉండిపోయిన అమ్మమ్మ, ఆయనకు అత్తగారు, చెప్పీ చెప్పీ విసిగిపోయింది. "ఊ అను, ఆ అను అల్లుడూ. గోడన్నాక ఒక బల్లైనా పలుకుతుంది" అనేది. ఆయన దానికీ తల ఊపేవాడు.

అందుకని టముకు ఇద్దరి వాటా మాటలూ తనే మాట్లాడేది. వాళ్ళమ్మ వదిలిపోయిన ఖాళీ ఎక్కడుంటే అక్కడ మాటలు కుక్కేది.

ఆ పొద్దున్న బడికి బయల్దేరుతుంటే దాని బూటు ముందువైపు నోరు తెరిచింది. తండ్రి వంగి చూశాడు. చూసి, "సాయంత్రం నేనే వస్తాను. కొత్త బూట్లు కొందాం" అన్నాడు.

ఒక మాట కాదు, రెండు మాటలు, ఒకదాని వెంట ఒకటి. అమ్మమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. టముకుకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి జవాబు దొరకలేదు. అంతలో వ్యాను హారను మోగింది.

ఇంత పెద్ద వార్తను ఆ పిల్ల కడుపులో దాచుకోగలదా? వ్యాను డ్రైవరుకు చెప్పింది, గేటు దగ్గర వాచ్‌మనుకు చెప్పింది. చివరి బెంచీలో పక్కన కూర్చునే స్నేహితురాలికి చెబుతుండగా లెక్కల మాస్టారు లోపలికి వచ్చారు.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, మాస్టారు చెడ్డవారు కారు. కర్ర పట్టరు, చెవి మెలిపెట్టరు, గోడకుర్చీ వేయించరు, నోటితో ఒక్క తిట్టు తిట్టరు. పిల్లలను కొట్టరాదు, తిట్టరాదు, నలుగురిలో నవ్వులపాలు చేయరాదు అని గేటు దగ్గర ఇంత పొడుగు బోర్డు ఉంటుంది, అది పెట్టించింది ఆయనే. అయితే ఆయనకు క్లాసులో చీమ నడిస్తే వినపడాలి. కొట్టకుండా తిట్టకుండా పిల్లల నోరు మూయించడం ఎలాగా అని ఆలోచించి ఆలోచించి ఆయన ఒక శిక్ష కనిపెట్టారు. దానికి 'లేవు' శిక్ష అని పేరు.

"ఏమిటి చెబుతున్నావు?" అని అడిగారు మాస్టారు.

"మా నాన్న మాట్లాడాడండీ" అంది టముకు.

క్లాసంతా గొల్లుమంది. నాన్న మాట్లాడటం కూడా ఒక కబురేనా అని మిగతా పిల్లల నవ్వు. తనను ఆటపట్టిస్తోందని మాస్టారికి అనిపించింది. హాజరు పట్టీ తెరిచి, దాని పేరు పిలవకుండా దాటేసి, ఆ పేరు ఎదురుగా రానట్టు గుర్తు పెట్టారు.

"నువ్వు ఈ రోజు బడికి రాలేదు" అన్నారు శాంతంగా. "ఆఖరి బెల్లు దాకా లేవు. నిన్నెవరూ చూడరు, ఎవరూ పలకరించరు. పలకరించినవాళ్ళు కూడా లేనట్టే. నువ్వు నోరు విప్పితే రేపు కూడా లేవు."

టముకు నోరు తెరవబోయి మూసేసింది. రేపటి సంగతి తర్వాత, సాయంత్రం బూట్లున్నాయి. లేని పిల్లకు బూట్లు ఎవరు కొంటారు? అందుకని చేతులు కట్టుకుని లేకుండా కూర్చుంది.

మాస్టారు మరి కాసేపటికే పైఊరు వెళ్ళిపోయారు. అక్కడ మాస్టర్లందరి మీటింగు. పిల్లలను నొప్పించకుండా క్రమశిక్షణ నేర్పడం ఎలాగో ఆయన చెబుతారు, మిగతావాళ్ళు రాసుకుంటారు. ఆయన బదులు క్లాసుకు వచ్చిన డ్రాయింగు టీచరు ఆ రోజే కొత్తగా చేరింది. ఎవరు ఎవరో ఆమెకు తెలియదు.

హాజరు పట్టీ ఆఫీసుకు వెళ్ళింది. రాని పిల్లల ఇళ్ళకు ఫోను చేసి కారణం అడగాలని హెడ్మాస్టరమ్మగారి రూలు. మంచి రూలే. ఆఫీసులో ఫోను చేసే అమ్మాయికి పిల్లల పేర్లన్నీ కంఠతా వచ్చు, ముఖాలు మాత్రం ఒక్కటీ తెలియదు. ఆమె కళ్ళద్దాల దుకాణానికి ఫోను చేసి, "మీ అమ్మాయి ఈ రోజు బడికి రాలేదండీ, ఒంట్లో బాగాలేదా?" అంది.

ఆ నిమిషంలో ఆయన ప్లీడరుగారి కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్నాడు. అది ఆయన అలవాటు. ఏ కళ్ళజోడు పూర్తయినా ముందు తన ముక్కు మీద పెట్టుకుని, వంకర ఉందా, చెవుల దగ్గర కోస్తోందా అని చూసుకుంటేగాని డబ్బాలో పెట్టడు. ఆ ప్లీడరుగారి అద్దాలా, సీసా అడుగంత మందం. ఆయన సొంత కళ్ళజోడు బల్ల మీద ఉంది. ఫోను కింద పడేసి, దుకాణం తెరిచిపెట్టి, ప్లీడరుగారి కళ్ళజోడుతోనే పరుగెత్తాడు.

దారంతా చెరిగిపోయినట్టు ఉంది. భయానికి కళ్ళు తిరుగుతున్నాయనుకున్నాడు. మూలమలుపు దగ్గర ఎర్రగౌనులో ఒక పిల్ల నిలబడి ఉంటే దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. అది తపాలా డబ్బా. పక్కన టీ తాగుతున్నవాళ్ళు నవ్వారు గానీ ఆయన ముఖం చూసి గ్లాసులు దించేశారు.

వ్యాను డ్రైవరు బండి కడుక్కుంటున్నాడు. పిల్ల బడికి రాలేదట అనగానే వాడి చేతిలో గొట్టం జారిపోయింది. "గేటు దగ్గర దింపానన్నా. దిగుతూ కూడా మాట్లాడుతూనే ఉంది. మా నాన్న మాట్లాడాడు అని చెప్పింది" అన్నాడు. అది విని ఆయన బడి దారి పట్టబోయాడు. డ్రైవరు మాత్రం తన మీద తనకే నమ్మకం పోయి సీట్లన్నీ పీకి కింద వెతికాడు. ఎన్నాళ్ళుగానో పోయిన గొడుగు ఒకటి దొరికింది.

ఇద్దరూ బడికి వెళ్ళారు. ఫోను చేసిన అమ్మాయి డ్రైవరును గేటు దగ్గరే ఆపి, ఆయన్ను మాత్రం క్లాసు గుమ్మం దాకా తీసుకొచ్చింది. ఆయన గడప మీద నిలబడి, రొప్పుతూ, మా అమ్మాయి వచ్చిందా అని అడిగాడు.

డ్రాయింగు టీచరు పిల్లల వంక చూసింది. పిల్లలు క్లాసు లీడరు వంక చూశారు. పాపం ఆ లీడరు పిల్ల లేచి నిలబడింది. అబద్ధం చెప్పడం దానికి తెలియదు, మాస్టారి మాట దాటడం అంతకన్నా తెలియదు.

"రాలేదండీ" అంది, నేల చూపులు చూస్తూ. "మాస్టారే చెప్పారు."

ఆయన క్లాసంతా కలియజూశాడు. ఒకే రంగు బట్టల్లో ముద్ద ముద్దగా పిల్లలు. ముందు బెంచీ నుంచి మెల్లగా చివరి బెంచీ దాకా చూశాడు. చివర్న టముకు సగం లేచి ఉంది. తండ్రి కళ్ళు సరిగ్గా దాని మీదే ఆగాయి. అది నోరు తెరవలేదు గానీ నవ్వింది, ఎడమ చెంప మీద సొట్ట పడేలా. తండ్రి దాన్ని అలాగే చూసి, తల తిప్పుకుని, వెళ్ళిపోయాడు.

టముకు కూర్చుంది. మాస్టారు నాన్నకు కూడా చెప్పేశారు కాబోలు అనుకుంది.

ఆ తర్వాత అది చాలాసేపు డెస్కు మీద గీతలనే చూస్తూ ఉంది. మధ్యాహ్నం పక్కనున్న స్నేహితురాలు రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని తన డబ్బాను దానివైపు నెట్టింది. చూడకుండా పెడితే పలకరించినట్టు కాదని ఆ పిల్ల లెక్క. టముకు సగం తిని, సగం వదిలి, డబ్బాను వెనక్కు నెట్టింది.

బయట ఊరు ఊరుగా లేదు. అమ్మమ్మ వచ్చింది, వీధి వీధంతా ఆవిడ వెనకే వచ్చింది. మిగతా వ్యానుల డ్రైవర్లు కూడా మావాడి పరువు పోతోందని బళ్ళు తీసుకుని తలో దిక్కుకూ వెతకడానికి పోయారు. బూట్ల కొట్టు ఆయన షట్టరు దించి వచ్చేశాడు. హెడ్మాస్టరమ్మగారు పోలీసులకు చెప్పారు. వాళ్ళు రాగానే ముందు వ్యాను డ్రైవరును పక్కన కూర్చోబెట్టారు, గొడుగు ఎవరిదని అడిగారు. వాడు ఏడుస్తున్నాడు.

పోలీసు ఆనవాళ్ళు చెప్పమన్నాడు. అమ్మమ్మ ముందుకు వచ్చి, "దానికి ఆనవాళ్ళెందుకు బాబూ, కాసేపు మీరంతా నోళ్ళు మూసుకుని వినండి. ఎక్కడున్నా వినపడుతుంది" అంది. నిజంగానే అందరూ మాటలాపి విన్నారు. ఏమీ వినపడలేదు. అప్పుడు ఆవిడ మెట్టు మీద కూలబడిపోయింది.

పాత సామాను కొనేవాడు తన బండి తెచ్చాడు, దానికి మైకు ఉంది కనక. కన్నతండ్రి చెబితే జనం చెవిన వేసుకుంటారని పోలీసు మైకు ఆయన చేతికే ఇచ్చాడు. మాట మరిచిపోయిన మనిషి చేతిలో మైకు. బండి బడి చుట్టూ మెల్లగా కదిలింది. కాసేపు గురగుర తప్ప ఇంకేం రాలేదు. తర్వాత మాట వచ్చింది.

"మా అమ్మాయి కనపడటం లేదండీ" అంటున్నాడు. "ఎడమ చెంప మీద సొట్ట ఉంటుంది. జడలు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటాయి. నేనే వేశాను, నాకు సరిగా రాదు. బాగా మాట్లాడుతుంది. వాళ్ళమ్మలాగే మాట్లాడుతుంది. సాయంత్రం నేను అద్దాలు అరగదీస్తూ ఉంటే పక్కన కూర్చుని అన్నీ చెబుతుంది. నేను విననట్టు ఉంటాను గానీ అన్నీ వింటానండీ. ఒక్కటి కూడా మర్చిపోలేదు..."

అక్కడ బండివాడి రికార్డు అడ్డం పడింది. "పాత ఇనుము, పాత సీసాలు, విరిగిన కుర్చీలు కొంటాం" అని మోగింది. అలవాటు కొద్దీ రెండిళ్ళవాళ్ళు విరిగిన కుర్చీలు బయటికి తెచ్చారు. విషయం తెలిసి ఆ కుర్చీలు అక్కడే వదిలేసి వెతికేవాళ్ళలో కలిశారు. దారికడ్డంగా ఉన్న కుర్చీల వల్ల పోలీసు జీపు ఆగిపోయింది. రికార్డు ఆపడం బండివాడికీ తెలియదు. తండ్రి మాట, పాత ఇనుము, మళ్ళీ తండ్రి మాట, ఇలా బండి బడి చుట్టూ తిరిగింది.

క్లాసు కిటికీ తెరిచే ఉంది. పిల్లలందరికీ వినపడింది గానీ మాస్టారి మాట దాటే ధైర్యం ఒక్కరికీ లేదు. టముకు అంతా విన్నది. విన్నది గానీ కదల్లేదు. పొద్దున్న రెండు మాటలు, ఇప్పుడు ఇన్ని మాటలు. ఉన్నప్పుడు ఊ అని కూడా అనని నాన్న, లేకపోతే ఇంత మాట్లాడుతున్నాడు. అయితే ఉండకపోవడమే మంచిదేమో అనుకుంది. చిన్నపిల్ల కదా, దానికి అలాగే తోచింది. పెదాలు రెండూ లోపలికి మడుచుకుని, ఇంకా గట్టిగా లేకుండా కూర్చుంది.

సాయంత్రం కావస్తుండగా మాస్టారు మీటింగు నుంచి దిగారు. మంచి మాస్టారని ఇచ్చిన గాజు బొమ్మ చేతిలో ఉంది. గేటు దగ్గర గుంపు చూసి, పిల్ల తప్పిపోయిందని విని, ఎవరా పిల్ల అని కూడా అడగకుండా బొమ్మ వాచ్‌మను చేతిలో పెట్టి మైకు బండి ఎక్కేశారు. నేనూ కేక వేస్తానన్నారు. పేరేమిటని తండ్రిని అడిగారు. తండ్రి చెప్పాడు. మాస్టారి ముఖంలో రంగు కొంచెం మారింది గానీ ఇంకా ఏమీ అందలేదు. ఆయన దాన్ని పొద్దుటి నుంచీ లేదనుకుంటూనే ఉన్నారు, అందుకని లేదంటే నమ్మేశారు.

పోలీసు మొదటి నుంచీ మళ్ళీ అడుగుతున్నాడు. ఆఖరున చూసిందెవరని. గేటు దగ్గర దింపానని డ్రైవరు వెక్కుతూ చెప్పాడు. లోపలికి వెళ్ళడం చూశానని వాచ్‌మను చెప్పాడు. తర్వాత?

"తర్వాత క్లాసులో నేనే రాలేదని వేశాను" అన్నారు మాస్టారు.

"ఎందుకు?" అన్నాడు పోలీసు.

"మాట్లాడుతోందని."

ఆ మాట బయటికి వచ్చాక ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. మెట్టు మీద కూర్చున్న అమ్మమ్మ మెల్లగా లేచింది.

"రాని పిల్ల ఎలా మాట్లాడింది మాస్టారూ?" అంది.

అందరూ క్లాసుకు పరుగెత్తారు. టముకు చివరి బెంచీలో ఉంది, పొద్దున్న ఉన్నచోటే. తండ్రి బెంచీలు తన్నుకుంటూ వెళ్ళాడు గానీ ఇంకా పోల్చుకోలేక పక్క పిల్ల ముఖం పట్టుకున్నాడు. అమ్మమ్మ వెనక నుంచి వచ్చి ఆయన ముక్కు మీది కళ్ళజోడు ఊడబెరికింది. "ఎవరి కళ్ళతో వెతుకుతున్నావు నాయనా" అంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం ముఖానికి ఆనించి, అప్పుడు చూశాడు.

పిలిచాడు. అది పలకలేదు. అమ్మమ్మ పిలిచింది. పలకలేదు. మాస్టారు దగ్గరికి వచ్చి, ఇక మాట్లాడవచ్చమ్మా అన్నారు. టముకు ఆయన వంక చూడకుండా, వరండాలో వేలాడుతున్న బెల్లు వైపు వేలు చూపించింది. ఆఖరి బెల్లు ఇంకా కొట్టలేదు కదా.

హెడ్మాస్టరమ్మగారే స్వయంగా వెళ్ళి బెల్లు కొట్టారు. వేళకు ముందే బెల్లు మోగేసరికి బడి మొత్తం పుస్తకాలెత్తుకుని బయట పడింది. వ్యానులు ఒక్కటీ లేవు, అన్నీ టముకు కోసం ఊరి చివర్లు వెతుకుతున్నాయి. పొద్దుటి నుంచీ ఒక్క పిల్ల కోసం వెతికిన ఊరు, పొద్దుపోయే దాకా మిగతా పిల్లలందరి కోసం వెతికింది.

ఆ గోలలో క్లాసులో మిగిలింది ఆ తండ్రీ కూతుళ్ళూ, అమ్మమ్మ, మాస్టారూ. టముకు బెల్లు మోత పూర్తిగా ఆగేదాకా ఆగింది.

"నాన్నా, నేను లేకపోతేనే మాట్లాడతావా?" అంది.

కూతురి బూటు నోరు అలా తెరిచే ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని మూస్తూ కూర్చున్నాడు.

తర్వాత హెడ్మాస్టరమ్మగారి గదిలో విచారణ జరిగింది. పిల్ల ఒంటి మీద తాను వేలు పెట్టలేదని, ఒక్క మాట తిట్టలేదని, బోర్డు మీదున్న రూళ్ళలో ఏదీ తప్పలేదని మాస్టారు చెప్పుకున్నారు. నిజమే, తప్పలేదు. పోలీసు కూడా బోర్డు దాకా వెళ్ళి చదివి వచ్చాడు. ఆయన్ను ఏం చేయమంటారని హెడ్మాస్టరమ్మగారు అమ్మమ్మను అడిగారు. ఉద్యోగం తీసెయ్యమంటుందనే అందరూ అనుకున్నారు.

అమ్మమ్మ చదువుకున్న మనిషి కాదు. "కొట్టొద్దని రాశారు, తిట్టొద్దని రాశారు. మనిషిని లేకుండా చెయ్యొద్దని రాయలేదు. అదెవరికీ తోచి ఉండదు, రాసినవాళ్ళ తప్పు కాదు" అంది. "మా అమ్మాయి పోయినప్పుడు, ఆవిడ లేదు అన్నారు. ఈ పిల్ల ఆ మాట విని ఇంకా ఏడాది తిరగలేదు. మళ్ళీ ఆ మాటే ఆటలాగా దాని మీద వేశారు. మీకు తెలియక చేశారు. రేపు దాని పేరు పిలవండి మాస్టారూ. అది పలికేదాకా ఆగండి. నాకు ఇంకేం వద్దు."

గేటు దగ్గర బోర్డు మీద కింద ఒక వరస కొత్తగా రాయించారు. పేరు పిలిపించుకుని పలికే హక్కు ప్రతి పిల్లకూ ఉందని. చోటు చాలక చిన్న అక్షరాలతో రాశారు. దగ్గరికి వెళితే కనపడుతుంది.

మర్నాడు మాస్టారు పేరు పిలిచారు. టముకు పలకలేదు. మళ్ళీ పిలిచారు. చెయ్యి పైకెత్తింది, నోరు మాత్రం విప్పలేదు. ఆ మర్నాడూ అంతే. వ్యానులో అంతే, ఇంట్లోనూ అంతే. అడిగితే తల ఊపేది, అచ్చం తండ్రిలాగే. వీధిలో కబుర్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. పక్కింట్లో పెళ్ళి కుదిరిన సంగతి అమ్మమ్మకు శుభలేఖ చూసేదాకా తెలియలేదు.

ఇక ఆ తండ్రి మొదలుపెట్టాడు. చేతకాని వంటలాగా ఉండేది ఆయన మాట. సాయంత్రం దుకాణం కట్టి వచ్చి, కొత్త బూట్లు వేసుకుని కూర్చున్న కూతురి పక్కన చేరి, ఈ రోజు ఒకాయన ఫ్రేము పట్టుకొచ్చాడమ్మా, మర ఊడిపోయింది, బిగించాను అనేవాడు. తర్వాత ఏం చెప్పాలో తెలియక, మర చిన్నది అనేవాడు. ప్లీడరుగారు ఆ రోజు దుకాణంలో బల్ల మీదున్న ఈయన కళ్ళజోడే తనదనుకుని పెట్టుకుపోయి, లోకం ఇంత బాగుందా అని వారం రోజులు మురిసిపోయారని చెప్పాడు. అమ్మమ్మ నవ్వింది. టముకు వింది. వాళ్ళమ్మ సంగతులు కూడా చెప్పాడు, ఎన్నడూ ఎత్తనివి. పిల్ల ఆయన మోకాలి మీద చెయ్యి వేసి వినేది, విననట్టు ఉంటూ.

మాస్టారు రోజూ ఆ పేరు దగ్గర ఆగుతూనే ఉన్నారు. ఆగి, కిటికీలోంచి చూసి, చెయ్యి లేచాక పట్టీలో కింది పేరుకు వెళ్ళేవారు. ఆ క్లాసులో ఇప్పుడు చీమ నడిస్తే వినపడుతోంది. ఆయన కోరుకున్నది అదే. ఆ నిశ్శబ్దంలో ఆయన సరిగ్గా పాఠం చెప్పలేకపోయేవారని పిల్లలు ఇళ్ళలో చెప్పుకున్నారు.

వానలు వెనకబట్టాక ఒక రోజు ఆయన బోర్డు వైపు తిరిగి లెక్క చేస్తున్నారు. వెనక నుంచి, చివరి బెంచీలోంచి, గుసగుసగా ఒక గొంతు వినపడింది.

"మా నాన్న ఈ మధ్య ఎంత వాగుతున్నాడనుకున్నావే, నాకు తల వాచిపోతోంది."

మాస్టారు వెనక్కు తిరగలేదు. సుద్దముక్క పట్టుకుని అలాగే రాస్తూ పోయారు, బోర్డు నిండేదాకా.

ఆ రోజు ఆయన చేసిన లెక్క మొత్తం తప్పు, పిల్లలు అలాగే రాసుకున్నారు.